షెల్ఫా, షోకేసా, గోడా? విశాఖ ఇంట్లో సేకరణలకు చోటు ఎంచుకోవడం

ఏటికొప్పాక లక్క బొమ్మలు పదో పదిహేనో పోగవుతాయి. ఊళ్లో ఇల్లు అమ్మేటప్పుడు అమ్మమ్మగారి ఇత్తడి సామాను మన వాటాకి వస్తుంది. పిల్లలు భీమిలి బీచ్‌లో ఏరిన గవ్వలు ఒక సీసా నిండి రెండో సీసాలోకి వెళ్తాయి. అప్పుడు మొదలవుతుంది ఇంట్లో చర్చ, వీటిని నలుగురికీ కనపడేలా ఎక్కడ పెడదామని. ఫోన్‌లో ఫోటోలు చూసి టీవీ పక్కన తెల్లటి ఓపెన్ షెల్ఫులు కొట్టించేసేవాళ్లే ఎక్కువ. ఫోటోలో అవి చాలా బాగుంటాయి. ఆర్నెల్ల తర్వాత మన ఊళ్లో ఎలా ఉంటాయో ఆ ఫోటో చెప్పదు.

మనది ఉప్పుగాలి ఊరు. వానాకాలమే అక్కర్లేదు, మే నెలలో కూడా తువ్వాలు సరిగ్గా ఆరదు. అందుకే షెల్ఫా, షోకేసా, గోడా అని తేల్చుకునే ముందు మీ వస్తువు దేనితో చేసిందో, మీ ఇల్లు ఎక్కడుందో చూసుకోవాలి. రంగూ స్టైలూ ఆ తర్వాత. నా లెక్క సులువు: కడిగి తుడుచుకోగలిగినదే బయట పెట్టండి. కడగలేనిది అద్దం వెనక్కి వెళ్లాలి. అద్దం వెనక కూడా నిలవనిది పెట్టెలో ఉండాలి, అప్పుడప్పుడు బయటికి రావాలి. ఈ లెక్క ఎందుకో, ఎక్కడ మినహాయింపు ఇవ్వొచ్చో కింద చెప్తాను.

ముందు ఇంటిని చూడండి

లాసన్స్‌బే కాలనీ, కిర్లంపూడి లేఅవుట్, బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్లు, రుషికొండ వైపు వచ్చిన కొత్త టవర్లు... వీటిలోకి ఉప్పు నేరుగా హాల్లోకే వస్తుంది. సీతమ్మధార, అక్కయ్యపాలెం వైపు లోపలికి వెళ్లేకొద్దీ ఉప్పు తగ్గుతుంది, తేమ మాత్రం తగ్గదు. వన్‌టౌన్, జ్ఞానాపురం వైపు అయితే ఉప్పు కంటే నల్లటి దుమ్ము పెద్ద సమస్య. పొద్దున్న తుడిచిన టేబుల్ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు.

మీ ఇల్లు ఏ కోవలోకి వస్తుందో తెలియకపోతే హాల్లో స్విచ్‌బోర్డు స్క్రూలు చూడండి. ఇల్లు కట్టి రెండు మూడేళ్లే అయినా వాటి తలలు గోధుమరంగుకి తిరిగి ఉంటే, ఆ గదిలో ఇత్తడీ, వెండీ, ఇనుప బొమ్మలూ బయట పెట్టడం అంటే రోజూ పని పెట్టుకోవడమే. దాంతో పాటు చిన్న డిజిటల్ తేమ మీటరు ఒకటి కొనుక్కోండి, ఆన్‌లైన్లో కొన్ని వందల్లో వస్తుంది. తేమ నలభై నుంచి అరవై శాతం మధ్య ఉంటే చాలా వస్తువులకు హాయి. అరవై అయిదు, డెబ్భై దాటి అలాగే నిలబడితే బూజుకి దారి తెరిచినట్టే.

ఇంకో సంగతి, దిక్కు. మనకి సముద్రం తూర్పు వైపు. అంటే బీచ్ వైపు కిటికీలోంచి ఉప్పుగాలీ, పొద్దుటి ఎండా రెండూ కలిసే వస్తాయి. ఆ కిటికీకి సరిగ్గా ఎదురుగా ఉన్న గోడ చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, అందరూ షోకేస్ అక్కడే పెట్టిస్తారు. పొద్దున్న ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఎండ దాని మీదే పడుతుంది. పైగా అద్దాల తలుపుల్లో బొమ్మలు కనపడవు, ఎదుటి బాల్కనీలో ఆరేసిన తువ్వాళ్లు కనపడతాయి. కిటికీకి పక్కగా ఉండే గోడ, అదీ రెండు గదుల మధ్య అడ్డుగోడ అయితే అన్నిటికంటే మంచిది. ఎండ పడదు, బయటి వాన చెమ్మ దిగదు, అద్దంలో ప్రతిబింబం సగానికి సగం తగ్గుతుంది.

ఓపెన్ షెల్ఫ్: తుడిచే ఓపిక ఉన్నవాళ్లకి

ఓపెన్ షెల్ఫ్‌కి ఉన్న అందం షోకేస్‌కి రాదు. వస్తువుకీ మనకీ మధ్య అద్దం లేదు, చేత్తో తీసి చూడొచ్చు, వచ్చినవాళ్లు అడగకుండానే ఒకటి అందుకుని కబుర్లు మొదలుపెడతారు. ఖర్చూ తక్కువే. ఇబ్బందల్లా దుమ్ము, ఉప్పు, బల్లులు. మూడోది ఎవరూ చెప్పరు గానీ, గోడ షెల్ఫుల మీద వరసగా బొమ్మలు పెడితే వాటి వెనక బల్లులు కాపురం పెడతాయి.

పింగాణీ కప్పులు, గాజు సీసాలు, టెర్రకోట కుండలు, స్టీలు, ప్లాస్టిక్ బొమ్మ కార్లు, ఊరూరా కొన్న మగ్గులు, ఇవన్నీ ఓపెన్ షెల్ఫ్ మీద దర్జాగా ఉంటాయి. నెలకోసారి దింపి కడిగి మళ్లీ పెట్టేయొచ్చు. పుస్తకాలు కూడా పెట్టొచ్చు, అయితే గోడకి ఆనించకుండా వెనక రెండు అంగుళాలు వదలండి. బయటి గోడ చెమ్మ పీల్చుకునేది ముందు పుస్తకమే.

ఇత్తడి సంగతికొస్తే, అది మనిషిని బట్టి. మా పిన్ని ఇల్లు సముద్రానికి నాలుగడుగుల్లో ఉన్నట్టే. హాల్లో ఓపెన్ షెల్ఫ్ నిండా కుందులు, గంటలు, మరచెంబులు, ఒక పాత పాన్‌దాన్. అన్నీ తళతళలాడుతుంటాయి. "ఇంత తోమడం ఎలా పిన్నీ?" అంటే, "తోమడమేంటే, సీరియల్ చూస్తూ తుడిచేస్తాను" అంటుంది. ఆవిడకి అది పని కాదు కాబట్టి ఓపెన్ షెల్ఫే సరైన ఎంపిక. మీకు అది పనిలా అనిపిస్తే మాత్రం మొహమాటపడకుండా అద్దం వేయించుకోండి.

తోమేవాళ్లకి ఒక మాట. చింతపండూ ఉప్పూ కలిపి రుద్దితే ఇత్తడి వెంటనే మెరుస్తుంది. కానీ సందుల్లో ఆ పులుపూ ఉప్పూ మిగిలిపోతే వారంలో పచ్చగా చిలుం పడుతుంది, బీచ్ గాలి దానికి తోడు. చింతపండు ఒక్కటే వాడి, బాగా కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కాసేపు ఎండలో పెట్టి, చివర్లో మెత్తటి గుడ్డకి ఒక్క చుక్క నూనె రాసి అద్దండి. దీపం పెట్టని వస్తువులకి మైనం పాలిష్ ఇంకా మెరుగు. శ్రీకాకుళం జిల్లా బుడితి లాంటి చోట్ల పోతపోసిన కంచు, ఇత్తడి పాతవి ఉంటే వాటి నల్లటి నిగారింపును గీకేయకండి. కొత్తదానిలా మెరవాలనుకుంటే కొత్తదే కొనుక్కోవచ్చు కదా.

షెల్ఫ్ కొలతల్లో ఒకటే జాగ్రత్త: పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయినా మూడడుగుల కంటే పొడవుగా ఆధారం లేకుండా వదిలితే బరువుకి మధ్యలో కుంగుతుంది. పుస్తకాలకీ, ఇత్తడికీ రెండున్నర అడుగులకో బ్రాకెట్ పడాలి.

అద్దాల షోకేస్: ఈ ఊరికి నా ఓటు దీనికే

మన అమ్మల కాలంలో ప్రతి హాల్లోనూ ఒక షోకేస్ ఉండేది. మధ్యలో టీవీ, ఇరువైపులా అద్దాల అరలు, వాటిలో స్కూల్ షీల్డులు, తాజ్‌మహల్, పెళ్లికొచ్చిన గడియారాలు. దాన్ని పాతకాలపు ఫ్యాషన్ అని పీకించేసి ఓపెన్ షెల్ఫులు పెట్టించినవాళ్లు చాలామంది ఉన్నారు. సముద్రం పక్కన ఉన్న ఊరికి మాత్రం పాతవాళ్లు ఎంచుకున్నదే సరైనది. కొంచెం సవరించుకుంటే చాలు.

మొదటి సవరణ చెక్క. పార్టికల్ బోర్డు ఇక్కడ వద్దు. ఒకసారి తడి తగిలితే అంచులు ఉబ్బి మళ్లీ కిందికి దిగవు. రెడీమేడ్‌గా చౌకగా వచ్చే గ్లాస్ క్యాబినెట్లలో ఎక్కువ శాతం అదే ఉంటుంది, కొనే ముందు వెనక పలక అంచు చూస్తే పొడి నొక్కినట్టు కనిపిస్తుంది. చేయించుకుంటే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అడగండి. ఐఎస్ 303 ముద్ర ఉన్న మామూలు ప్లై అయితే అందులో నీళ్లకి ఎక్కువ తట్టుకునే బీడబ్ల్యూఆర్ గ్రేడే తీసుకోండి. కీళ్లూ స్క్రూలూ 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలు. బాల్కనీ తలుపు తీస్తే సముద్రం కనపడే ఇల్లయితే ఉప్పుకి ఇంకా బాగా తట్టుకునే 316 గ్రేడు పెట్టించినా అతి కాదు.

రెండోది వెనక పలక. కార్పెంటర్ ఇక్కడ తప్పకుండా ఒక మాట అంటాడు: "గోడుంది కదండీ మేడం, వెనకాల ప్లై దండగ." దండగ కాదు. గోడ పీల్చుకున్న చెమ్మ అంతా అరల్లోకే వదులుతుంది. వెనక పలక ఉండాలి, దానికీ గోడకీ మధ్య కనీసం ఒక అంగుళం గాలి ఆడాలి. పలక లోపలి రంగు విషయంలో అద్దం అంటించే ఆలోచన ఉంటే మానుకోండి. పది బొమ్మలు ఇరవైలా కనిపించి సంతలా ఉంటుంది. లక్క బొమ్మలకు లేత గోధుమ, ఇత్తడికి ముదురు నీలమో ముదురు ఆకుపచ్చో.

మూడోది వెలుగు. చెక్క అరలకి పైనుంచి ఒక్క బల్బు పెడితే పై అర మాత్రమే వెలిగి కింది అరలన్నీ నీడలో పడతాయి. అరలు గాజువి అయితే ఆ బాధ తగ్గుతుంది. రెండడుగుల వెడల్పు దాటితే 8 మిల్లీమీటర్ల టఫెన్డ్ గాజు వేయించండి. ఇంకా మంచి పద్ధతి, తలుపు పక్కన నిలువుగా రెండు ఎల్‌ఈడీ స్ట్రిప్పులు, అవి వస్తువు మొహాన వెలుగు పడేలా లోపలికి తిరిగి ఉండాలి. 3000 కెల్విన్ వెచ్చటి తెలుపు సరిపోతుంది. రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె సీఆర్‌ఐ, పెట్టె మీద అది 90 అని ఉన్నది కొంటే పసుపు పసుపులాగే, ఎరుపు ఎరుపులాగే కనిపిస్తుంది. స్ట్రిప్పుకి వచ్చే డ్రైవర్ పెట్టెను షోకేస్ బయటే పెట్టించండి, వేడంతా దానిదే. పాత హాలోజన్ బల్బులు లక్క బొమ్మలకి శత్రువులు. లక్క వేడికి మెత్తబడుతుంది.

నాలుగోది తేమ. అద్దం తలుపు దుమ్మునీ ఉప్పునీ ఆపుతుంది గానీ తేమని పూర్తిగా ఆపలేదు. అరకో చిన్న గుడ్డ సంచిలో సిలికా జెల్ పెట్టి బొమ్మల వెనక దాచండి. రంగు మారే రకం కొంటే ఎప్పుడు నిండిందో తెలుస్తుంది. నిండినవాటిని తక్కువ వేడి మీద ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. నాఫ్తలిన్ ఉండలు మాత్రం షోకేస్‌లో వేయొద్దు. కొన్ని రకాల ప్లాస్టిక్కునీ, రంగులనీ ఆ ఆవిరి పాడు చేస్తుంది, హాలంతా బీరువా వాసన అదనం.

"ఏసీ గదిలో పెట్టేస్తే పోలా?" అని అడుగుతారు. రాత్రంతా ఏసీ నడిచి గాలి ఎండిపోతుంది, పొద్దున్న ఆపి కిటికీ తీయగానే తేమ ఒక్కసారిగా వస్తుంది. చెక్క రోజుకోసారి ఉబ్బి, రోజుకోసారి ముడుచుకుంటుంది. కాస్త ఎక్కువైనా నిలకడగా ఉండే తేమ, రోజూ ఊగిసలాడే తేమ కంటే చెక్కకి నయం. మన ఊరి పేరుతోనే ప్రపంచానికి తెలిసిన పని ఒకటి ఉంది, వైజాగపట్టం పెట్టెలు. 18, 19 శతాబ్దాల్లో ఇక్కడి కళాకారులు చెక్క మీద దంతం పొదిగి, గీతల్లో లక్క నింపి యూరోపియన్ల కోసం చేసినవి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. చెక్క ఒకలా, దంతం ఒకలా ఉబ్బుతాయి కాబట్టి తేమ ఎగుడుదిగుడు అయితే పొదిగిన ముక్కలు ఊడిపోతాయి. మ్యూజియంవాళ్లు అంత పట్టుగా తేమని ఒకేచోట నిలిపేది అందుకే. మన ఇంట్లో అంత హంగు అక్కర్లేదు. బెడ్‌రూమ్ ఏసీ గాలి సూటిగా తగిలే చోట చెక్క బొమ్మలు పెట్టకపోతే సగం పని అయినట్టే.

షోకేస్‌కి ఉన్న అసలు లోపం ఒకటుంది: అది చోటు చూపించి ఊరిస్తుంది. అర ఖాళీగా కనిపిస్తే ఏదో ఒకటి తెచ్చి పెట్టేస్తాం. అందుకే గోడంతా ఆక్రమించే పెద్దది వద్దంటాను. నాలుగడుగుల వెడల్పు, అడుగు లోతు, నాలుగు అరలు. లోతు అడుగు దాటితే వెనక వరస ఎవరికీ కనిపించదు.

గోడ: చదునుగా ఉన్నవాటికి

నేవీ ఊరు కదా, మన దగ్గర గోడ సేకరణ అంటే చాలా ఇళ్లలో క్రెస్టులే. మా అపార్ట్‌మెంట్లో నేవీలో రిటైరైన అంకుల్ ఒకాయన, తను పనిచేసిన ఓడల క్రెస్టులన్నీ కారిడార్ గోడకి వరసగా పెట్టారు. చెక్క పలక, మధ్యలో ఓడ ముద్ర, అన్నీ ఒకే సైజు. హాల్లో పెట్టకుండా కారిడార్‌లో పెట్టడం ఆయన తెలివి. అక్కడ ఎండ పడదు, కిటికీ గాలి తగలదు, నడుస్తూ ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లొచ్చు. ఉద్యోగం చేసిన క్రమంలోనే అమర్చారు కాబట్టి ఎవరడిగినా మొదటి దగ్గర మొదలుపెట్టి చివరిదాకా కథ చెప్పేస్తారు. ఒకే సైజు, ఒకే రకం, చదును: ఈ మూడూ కుదిరితే గోడని మించింది లేదు. ఫోటోలు, పాత టికెట్లు, మారథాన్ మెడళ్లు, అలంకార పళ్లేలు, కలంకారీ ముక్కలు ఇందులోకే వస్తాయి.

మెడళ్లూ, బ్యాడ్జీలూ, చిన్న బొమ్మలూ అయితే అద్దం ఉన్న లోతు ఫ్రేములు చేయించండి. ఫ్రేములు కట్టేవాళ్లు రెండంగుళాల లోతుతో పెట్టెలా చేసిస్తారు. అద్దానికి వస్తువు తగలకుండా చూడమని చెప్పండి. గుడ్డగానీ కాగితంగానీ అద్దానికి అతుక్కుని ఉంటే మన తేమకి మధ్యలో మచ్చలు పడతాయి. ఫ్రేము వెనక నాలుగు మూలలా చిన్న రబ్బరు బిళ్లలు అంటిస్తే గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది.

ఎత్తు విషయంలో ఇంట్లో జరిగే పొరపాటు దాదాపు ఒకటే, మరీ పైకి కొడతారు. పూజ పటాల అలవాటు అనుకుంటా. బొమ్మల గుంపు మధ్య భాగం నేల నుంచి అయిదడుగుల దగ్గర ఉంటే మెడ ఎత్తకుండా కనిపిస్తుంది. సోఫా మీద గోడ అయితే సోఫా వీపు నుంచి ఎనిమిది, పది అంగుళాలు వదిలితే చాలు. ముందు పాత న్యూస్‌పేపర్ని ఫ్రేముల సైజుకి కత్తిరించి టేపుతో అంటించి చూసుకున్నాకే డ్రిల్లర్‌ని పిలవండి.

డ్రిల్లింగ్ అంటే గుర్తొచ్చింది, మధురవాడ వైపు కొత్త అపార్ట్‌మెంట్లలో చాలావాటికి గోడలు తేలికపాటి సిమెంటు ఇటుకలవి. మామూలు ప్లగ్గు కొన్నాళ్లకి వదులైపోతుంది. వాటికని వచ్చే పొడవాటి ప్లగ్గులు అడిగి తీసుకోండి. గోడంతా కాంక్రీటుతో పోసిన కట్టడాలయితే హ్యామర్ డ్రిల్ లేకుండా పని జరగదు.

కొలువు పద్ధతి: కొన్ని బయట, మిగతావి పెట్టెలో

సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో ఈ విద్య ఎప్పటినుంచో ఉంది. మెట్లు మూడో, అయిదో, ఏడో, తొమ్మిదో, సరిసంఖ్య ఎప్పుడూ ఉండదు. పై మెట్టు మీద దేవుళ్లు, కింద పెళ్లి బృందాలు, ఊరు, అంగడి. పండగ అయిపోగానే అన్నీ మళ్లీ ట్రంకు పెట్టెలోకి. ఏడాదిలో కొన్ని రోజులే కనిపిస్తాయి కాబట్టే ఆ కొలువు చూడ్డానికి పేరంటానికి వచ్చినవాళ్లు అంతసేపు నిలబడతారు.

వందకి పైగా వస్తువులున్న ఎవరికైనా నేను ఇదే చెప్తాను. నాలుగో వంతు బయట పెట్టండి, మిగతావి పెట్టెలో ఉంచి మూడు నెలలకోసారి మార్చండి. మారుస్తున్నప్పుడే అరలు తుడవడం, బూజు ఉందేమో చూడటం, పుచ్చు పట్టిందేమో చూడటం అన్నీ జరిగిపోతాయి. చెక్క బొమ్మ కింద సన్నటి పిండి రాలి ఉంటే పుచ్చు పట్టినట్టు. ఆ బొమ్మని వెంటనే మిగతావాటి నుంచి వేరు చేయండి. మెత్తటి తెల్ల పొణికి చెక్కతో చేసే కొండపల్లి బొమ్మల్లో ఇది ఎక్కువగా చూడాలి.

చుట్టడానికి న్యూస్‌పేపర్ వద్దు, ఇంకు అంటుతుంది, ఆ కాగితంలో ఉండే ఆమ్లం రంగుల్ని దెబ్బతీస్తుంది. గంజి పెట్టని పాత నూలు చీర ముక్కలు మంచివి. గంజి ఉంటే పురుగులకి విందు. పెట్టెని మంచం కిందే పెట్టినా నేల మీద నేరుగా వద్దు, రెండు చెక్క ముక్కల మీద ఎత్తి పెట్టండి.

ఏ వస్తువుకి ఏది

లక్క బొమ్మలు. ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో వరాహ నది పక్కన ఉంది. అంకుడు కర్రని లేత్ మీద తిప్పి, సహజ రంగులు కలిపిన లక్కని పూస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటం కూడా ఈ బొమ్మలదే కావడంతో ఇప్పుడు ఢిల్లీ చుట్టాలు కూడా గుర్తుపడుతున్నారు. వీటికి షోకేస్. ఎండ పడితే సహజ రంగులు వెలిసిపోతాయి. అంతకంటే ముఖ్యం, శానిటైజర్ అంటిన చేత్తో వీటిని పట్టుకోకండి, స్పిరిట్ ఉన్న క్లీనర్ చల్లకండి. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. బొమ్మ మీద వేలిముద్ర శాశ్వతంగా పడిపోతుంది, మెరుపు పోయి జిడ్డుగా తయారవుతుంది. పొడి మెత్తటి గుడ్డ చాలు. కొండపల్లి బొమ్మలకి గుడ్డ కూడా వద్దు, రంగు రాలుతుంది. పెయింటింగ్ బ్రష్‌తో దుమ్ము దులపండి.

గవ్వలు, శంఖాలు. ఇక్కడే నేను షోకేస్‌కి అనుకూలంగా ఇందాక చెప్పినదానికి అడ్డం తిరగాలి. మూసి ఉన్న చెక్క అల్మారాలో గవ్వలు పెట్టి కొన్నేళ్లు వదిలేస్తే వాటి మీద తెల్లటి పొడి పూస్తుంది. బూజు అనుకుని తుడుస్తారు, మళ్లీ వస్తుంది. అది బూజు కాదు. చెక్క, ప్లై, ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసే పలక), అట్టపెట్టె నుంచి సన్నగా ఆమ్ల ఆవిరి వస్తుంది. తేమ తోడైతే అది గవ్వలోని సున్నాన్ని తినేస్తుంది. 1899లో దీని గురించి రాసిన బైన్ అనే ఆయన పేరు మీద దీన్ని బైన్ జబ్బు అంటారు. ఒకసారి పోయిన మెరుపు తిరిగి రాదు. కాబట్టి గవ్వలకి గాజు సీసాలు, గాజు గిన్నెలు, యాక్రిలిక్ పెట్టెలు. సముద్రం నుంచి తెచ్చినవాటిని మంచినీళ్లలో రెండు మూడు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టి, నీడలో ఆరబెట్టాకే లోపల పెట్టండి. ఉప్పు మిగిలితే అదే తేమని లాగుతుంది.

గవ్వల దగ్గరే చట్టం మాట కూడా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కొన్ని రకాల పెద్ద శంఖాలు, నాటిలస్, పెద్ద ఆల్చిప్పల్లో కొన్ని, దిబ్బలు కట్టే పగడాలు రక్షిత జాతులు. బీచ్ దుకాణంలో అమ్ముతున్నారు కదా అని కొనేయకండి. చలికాలంలో తీరానికి కొట్టుకొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ల డిప్పలు అసలే ముట్టుకోవద్దు. చిన్న చిన్న మామూలు గవ్వలతోనే ఎంతో అందమైన సీసా తయారవుతుంది. ఒక సీసాలో ఒకే రకం గవ్వలు పోస్తే కలగాపులగంగా పోసినదానికంటే పదింతలు బాగుంటుంది.

నాణేలు, స్టాంపులు. అసలైనవి ప్రదర్శనకి వద్దు. నాణేల్ని మెత్తగా సాగే, ఘాటు వాసన వచ్చే ప్లాస్టిక్ ఆల్బమ్‌లో పెడితే రాగి నాణేల మీద పచ్చటి జిగురు చేరుతుంది. గట్టి యాక్రిలిక్ డబ్బీలు వాడండి. స్టాంపుల వెనక జిగురు మన తేమకి దేనికి తగిలితే దానికి అతుక్కుపోతుంది. ఆల్బమ్‌లు పుస్తకాల్లా నిలబెట్టండి, ఒకదానిమీద ఒకటి పేర్చకండి. గోడ మీద చూపించాలని సరదాగా ఉంటే మంచి స్కాన్ తీయించి రెండింతలు పెద్దదిగా ప్రింటు వేయించి ఫ్రేము కట్టించండి. స్టాంపు మీది గీతలు నిజానికి అలాగే బాగా కనిపిస్తాయి.

వెండి. షోకేస్‌లోనే, కానీ రబ్బరు మ్యాట్లు, ఉన్ని గుడ్డలు కింద పరచకుండా. వాటిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది.

ఓడల నమూనాలు. షిప్‌యార్డ్‌లోనో నేవీలోనో పనిచేసిన ఇళ్లలో ఇవి తప్పకుండా ఉంటాయి. 1948లో ఇక్కడి షిప్‌యార్డ్ నుంచి జలఉష ఓడ నీళ్లలోకి దిగిన దగ్గర్నుంచీ ఈ ఊరికి ఓడల మోజు పోలేదు. తాళ్లూ తెరచాపలూ ఉన్న నమూనా మీద దుమ్ము పడితే దులపడం అసాధ్యం. అయిదు వైపులా యాక్రిలిక్ ఉన్న మూత చేయించండి, అదొక్కటే ఒక టేబుల్ మీద ఉండాలి. పక్కన ఇంకేమీ పెట్టొద్దు.

అమరిక గురించి కొంచెం

ఎక్కడ పెట్టినా చెడగొట్టేది ఒక్కటే, ఖాళీ లేకపోవడం. అరలో మూడో వంతు ఖాళీగా వదలండి. ఎత్తైనది ఒక పక్కన, పొట్టివి ముందుకి, మధ్యలో ఎత్తు పెంచడానికి చిన్న చెక్క దిమ్మలు. ఒకే వరసలో ఒకే ఎత్తున నిలబెడితే క్లాస్ ఫోటోలా ఉంటుంది. రంగుల్ని కలిపేయకండి: పసుపు, ఎరుపు లక్క బొమ్మలు ఒక అరలో, ఆకుపచ్చ, నీలం ఇంకో అరలో పెడితే దూరం నుంచే కంటికి అందుతాయి. బలంగా గాలి వీచే ఇళ్లలో బరువైనవి కింది అరలోనే ఉండాలి. తలుపు ధడాల్న కొట్టుకుంటే పై అరలోంచి దూకేది ఇత్తడి గంట అయితే కింద గాజుకి నూకలు చెల్లినట్టే.

అద్దె ఇల్లయితే, తుఫాను వస్తే

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు గోడని వదిలేయండి. ఓనర్‌తో గొడవ ఎందుకు. జిగురుతో అంటించే కొక్కేలు డిస్టెంపర్ గోడ మీద నమ్మదగ్గవి కావు, రంగు పొరతో సహా ఊడొస్తాయి. నేల మీద నిలబడే చిన్న అద్దాల అల్మారా, గోడకి పైన ఒక్క ఎల్ బ్రాకెట్‌తో పట్టిస్తే చాలు. ఇల్లు మారేటప్పుడు పూడ్చడానికి ఒక్క రంధ్రమే ఉంటుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో కిటికీ అద్దాలు ఎలా పేలిపోయాయో చూసినవాళ్లు ఇప్పటికీ చెప్తారు. అప్పట్నుంచి అక్టోబరు, నవంబరుల్లో వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చిందంటే సముద్రం వైపు గదిలో ఉన్న సేకరణ మొత్తం లోపలి గదికి వెళ్లాలి. ఆ రోజు ఒక్కొక్క బొమ్మా చుట్టుకుంటూ కూర్చోలేం కాబట్టి షోకేస్ పక్కనే మూత ఉన్న రెండు ప్లాస్టిక్ డబ్బాలు, వాటిలో ముందే మడిచి పెట్టిన గుడ్డలు సిద్ధంగా ఉంచుకోండి. పై అర నుంచి మొదలుపెట్టి సర్దండి. అద్దాల తలుపులు తాళం వేసి, అర పలకలు గాజువైతే తీసి పరుపు కింద పెట్టేయండి. కరెంటు వచ్చాక, గోడలు ఆరాక, తేమ మీటరు అరవైకి దిగాక మళ్లీ అమర్చుకోవచ్చు.